పక్కింటి అక్క అమ్ముకోని గౌన్లు

నా చిన్నప్పుడు, నందపూర్‌లో మా పక్కింటి అక్క ఓ కుట్టుమిషన్ కొంది. భర్త పోయాక చంటిపిల్లతో పుట్టింటికి చేరిన మనిషి. అన్నావదినల చేతివంక చూడకుండా బతకాలని ఆమె పట్టుదల. కోరాపుట్‌లో కుట్టు నేర్పే ఒక టీచరమ్మ దగ్గర పిల్లల గౌను కటింగు కాగితాలు కొని తెచ్చి, సంతలో అమ్మడానికి గౌన్లు కుట్టింది. పూరేకుల్లాంటి కాలరు, వెనక పెద్ద ముడి. నేనైతే ఈగలా అక్కడే తిరిగేదాన్ని.

మా రెండిళ్లవాళ్లమూ శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లం కదా, పెద్దవాళ్లకి ఒడియా మాట్లాడడం వచ్చుగాని చదవడం రాదు. బళ్లో ఒడియా నేర్చిన గొప్ప కొద్దీ, సంతకి ముందురోజు ఆ కాగితాల కవరు వెనక ఉన్నది గట్టిగా చదివేశాను. ఈ కటింగుతో ఇంట్లోవాళ్లకి కుట్టుకోవచ్చు, కుట్టి అమ్మాలంటే మాత్రం నన్ను అడగాలి అని ఉంది. అక్క మిషన్ ఆపేసింది.

కవరు దాచేస్తే ఎవలికి తెలుస్తాదన్నాను.

“నీకు తెలిసింది, నాకు తెలిసింది. ఇంకెవలికి తెలవాలమ్మి?” అంది.

మర్నాడు సంత మానేసి, నన్ను వెంటబెట్టుకుని కోరాపుట్ బస్సెక్కింది. టీచరమ్మ గౌను తిరగేసి చూసి కుట్టు మెచ్చుకుంది గాని ఒప్పుకోలేదు. ఆ గౌన్లే తనూ అమ్ముకుంటోందట, అదే ఆమెకి తిండి. అక్క గౌను మడిచి సంచిలో పెట్టుకుంది. తిరుగు బస్సులో మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు టీచరమ్మ మీద ఒళ్లు మండింది.

ఆ గౌన్లన్నీ అక్క మా వీధి పిల్లలకి ఊరికే పంచేసింది. ఆ తర్వాత పాత పేపరు నేలమీద పరిచి, నన్ను నిలబెట్టి కొలతలు తీసి, తన కటింగు తానే గీసుకుంది. మొదటి గౌనులో నా చెయ్యి ఇరుక్కుపోయింది. విప్పి మళ్లీ గీసింది. చివరికి సంతలో అక్క అమ్మినవి ఆ గౌన్లే. వాటితోనే కూతుర్ని చదివించుకుంది.

అక్క ఇప్పుడు లేదు. నాకిచ్చిన ఆ పేపరు కటింగు నా పెట్టెలో ఉంది. రాయగడలో మా మనవరాలు అది చూసి, అలాంటివి కుట్టి ఫోనులో పెట్టి అమ్ముతానంది. లమ్తపుట్‌లో ఉన్న అక్క కూతుర్ని ముందు అడగమన్నాను.

“ఎవలికి తెలుస్తాది మామ్మా?” అంది.

అచ్చం నా గొంతే. నవ్వొచ్చింది, ఆ వెంటనే అక్క గుర్తొచ్చి కళ్లు తడయ్యాయి. అక్క చెప్పిన మాటే చెప్పాను. పిల్ల ఫోను చేసింది.

“మా అమ్మ గీసిందని సెప్పి అమ్ముకో అమ్మి” అంది అక్క కూతురు.

ఇప్పుడు మా మనవరాలి గౌన్లన్నిటికీ మెడ లోపల అక్క పేరుంటుంది. నాకు చూపు సరిగా ఆనదు. అయినా ఆ పేరు మాత్రం నేనే కుడతాను.