పప్పు ఉడికిన ఇల్లు

ఎనభైల చివర్లో నాకు నిజామాబాద్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ సీటొచ్చింది. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది రెండో తరగతి. చిన్నవాడిది అక్క వెనకాల బడికి పోతానని పలక పట్టుకుని ఏడ్చే వయసు. డిగ్రీ ఇంట్లో ఉండే కట్టి పాసయ్యాను. ఒళ్లో పిల్లవాడు, పొయ్యి మీద అన్నం, గూట్లో పుస్తకం. పీజీకి ఆ ఆట సాగదు, రోజూ క్లాసులకు పోవాలి. మాది కమ్మర్‌పల్లి దగ్గర పల్లె. అక్కణ్నుంచి ఆర్మూర్‌కు ఒక బస్సు, ఆర్మూర్ నుంచి నిజామాబాద్‌కు ఇంకో బస్సు. అట్లా తిరిగితే నా పిల్లల్ని నేను నిద్రలోనే చూసుకోవాలి.

నిజామాబాద్‌లో ఉందామంటే అక్కడ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆర్మూర్ సంగతి వేరు. పసుపు అమ్మినా, ఎరువులు కొన్నా, పెళ్లి బట్టలు తెచ్చినా, పన్ను పీకించుకున్నా మాకు ఆర్మూరే. పిల్లల్ని అక్కడి బడిలో వేసి, నేను అక్కణ్నుంచి కాలేజీకి పోయి రావచ్చు. మా ఆయన పొలం చూసుకుంటూ రెండ్రోజులకోసారి వచ్చి పోవచ్చు. కాబట్టి ఆర్మూర్‌లో కిరాయి ఇల్లు చూడాలి. ఇంతవరకూ అందరం ఒప్పుకున్నాం, ఒక్క మా మామ తప్ప.

మా మామకు కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు లేదు. నాకు చెప్పాల్సిన మాట మా అత్తకు చెప్పేవాడు. అత్త దగ్గర లేకపోతే కొట్టంలో బర్రెకు చెప్పేవాడు. సీటొచ్చిన రోజు నేను పేడ తీస్తుంటే వచ్చి బర్రె ముందు నిలబడ్డాడు.

"ఎకనామిక్స్ అంటె గదేం సదువే? పసుపు ధర ఎప్పుడు పెరుగుతదో గండ్ల చెప్తరా? చెప్తె నేను గూడ వచ్చి కూసుంట."

బర్రె తోక ఊపింది. నేను పేడ తట్టకెత్తాను.

"పోతె పోనీ," అన్నాడు బర్రె వీపు నిమురుతూ. "గని నా మనుమలు ఉప్పు నీళ్లు తాగుకుంట బతకరు. పప్పు మంచిగ ఉడికే నీళ్లున్న ఇల్లు దొరికితెనే పొమ్మను. లేకుంటె సీటు లేదు, గీటు లేదు."

మా మామకు పప్పు లేకపోతే ముద్ద దిగదు. మా బావి నీళ్లలో కందిపప్పు ఇట్లా వేస్తే అట్లా కరిగేది. ఆర్మూర్ బోరింగుల్లో సగం ఉప్పు నీళ్లేనని ఆయనకు తెలుసు. మంచి తెలివైన షరతు పెట్టాడు. కోడల్ని చదవనీయలేదంటే ఊళ్లో ఆయనకు చెడ్డపేరు. పప్పు ఉడకలేదంటే అది భూదేవి తప్పు.

ఫీజు కట్టడానికి సోమవారం ఆఖరు. ఇల్లు దొరికాకే ఫీజు కడదామన్నాడు మా ఆయన. తండ్రికి ఎదురు చెప్పలేడు, నాకు నచ్చజెప్పలేడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుండేది పాపం ఆయన బతుకు. నేను మాత్రం కప్పను కాదని ఆయనకు బాగా తెలుసు.

అలా ఇల్లు చూడటానికి ఇంటిల్లిపాదీ బస్సెక్కాం. అత్త చేతిసంచిలో వండే గంజు ఒకటి, ఒక గంటె, గుడ్డలో మూట కట్టిన కందిపప్పు. ఆమె నడుముకు ఎప్పుడూ ఉండే వక్కల సంచి ఎలాగూ ఉంది. ఏ ఇల్లు చూసినా ఆ ఇంటి నీళ్లతో, ఆ ఇంటి పొయ్యి మీద అత్త పప్పు వండుతుంది. మామ ఒక బద్ద వేళ్ల మధ్య నలిపి తీర్పు చెబుతాడు. ఇల్లు కావలసింది నాకే అయినా, నీకెట్లాంటి ఇల్లు కావాలని నన్ను అడిగినవాళ్లు లేరు.

అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్కటే ఉంది. లోపలి నుంచి గడియ పెట్టుకునే తలుపున్న అర్ర, ఎంత చిన్న గదైనా సరే. మా ఇంట్లో తలుపులకేం కొదవ లేదు. కానీ పట్టపగలు కోడలు తలుపేసుకుంటే జ్వరమా అని వాడకట్టు మొత్తం వచ్చి అడుగుతుంది. పుస్తకం తెరిస్తే చాలు, ఎవరికో ఒకరికి దాహమవుతుంది. ఈ మాట ఒకసారి బావి దగ్గర అత్తతో అన్నాను. ఆమె వక్క నములుతూ "ఊ" అంది. అంతే.

మొదటి ఇల్లు బస్టాండ్ వెనక. ఇంటామె ముందు మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టింది. అత్త గంజు బయటికి తీసి, "జర పొయ్యి ఇస్తవా అక్కా, పప్పు ఉడకవెట్టి సూస్త," అనేసరికి ఆమె మొహం మారింది.

"ఇల్లు సూసేందుకు వచ్చిన్రా, వండుకునేందుకు వచ్చిన్రా?"

అయినా పొయ్యి ఇచ్చింది. పప్పు ఉడుకుతూనే ఉంది, ఉడుకుతూనే ఉంది. నీళ్లు మూడుసార్లు పోశారు. పిల్లలు ఇంటామె పిల్లలతో ఆడి, కొట్టుకుని, మళ్లీ కలిసిపోయారు. బద్ద మాత్రం బద్దలాగే ఉంది. ఇంటామె విసుగొచ్చి, "కుక్కర్ల వెట్టు, మూడు సీటీలకు ఉడుకుతది," అంది.

"కుక్కర్ల వెడితె రాయి గూడ ఉడుకుతది," అని మామ లేచి చెప్పులేసుకున్నాడు.

రెండో ఇల్లు గుట్ట కింద. పప్పు ఫరవాలేదనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ మామ తలెత్తి ఇంటి వెనక నల్లబండను చూశాడు.

"గీ బండ ఎన్నడన్న దొర్లిందా?"

"మా తాతల కాలం సంది దొర్లలే," అన్నాడు ఇంటాయన గర్వంగా.

"గట్లనా? మరి ఇగ దొర్లే టైమైనట్టే," అన్నాడు మామ. ఆ ఇల్లూ పోయింది.

మూడోది మార్కెట్ దగ్గర, పసుపు వ్యాపారం చేసేవాళ్లది. ఇల్లు రైలు డబ్బాల్లా ఒక అర్రలో నుంచి ఇంకో అర్రకు పోతుంది, మధ్యన పరదాలు. ఆ నీళ్లలో పప్పు వెన్నలా అయింది. మామ నలిపాడు, నాకాడు, ఇంకో గంటె అడిగాడు. తన షరతు ఇట్లా ఎదురు తిరుగుతుందని ఆయన అనుకోలేదు. కానీ పప్పు విషయంలో అబద్ధమాడే మనిషి కాదు.

"మంచిగుంది. ఇగ మాట్లాడుకోన్రి," అన్నాడు.

"వద్దు," అంది అత్త.

"ఎందుకే?"

"వద్దంటె వద్దు. గీ ఇల్లు నాకు మనసున పడలే."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు శనివారం, మధ్యలో ఒక్క ఆదివారం ఉంది. పరదాలైతేనేం, పందిరైతేనేం, ఇల్లంటూ దొరికితే చాలని నేను ఏడుస్తుంటే, ఈమెకు మనసున పడాలట! బస్టాండ్‌లో మా ఆయన్ని పక్కకు లాగాను.

"మీ అమ్మకు నేను సదువుడు ఇష్టం లేదు. గది సక్కగ చెప్పరాదు? గీ పప్పు నాటకాలెందుకు?"

"అమ్మ గట్ల కాదు," అన్నాడు.

"మరెట్ల?"

"ఎట్లనో నాకు తెల్వది. గని గట్ల మాత్రం కాదు," అని పోయి మిర్చిబజ్జీలు తెచ్చాడు. కోపం మీద అవన్నీ నేనే తిన్నాను. తర్వాత కడుపు కూడా మండింది.

ఆదివారం నాలుగో ఇల్లు చూశాం, పెర్కిట్ పోయే తొవ్వలో. ముందు రెండు అర్రలు, వాకిట్లో బోరింగు. వెనక ఒక చిన్న అర్ర ఉంది. అందులో ఒకప్పుడు పసుపు నిల్వ చేసేవాళ్లట, గోడలు మోకాలెత్తు వరకూ పచ్చగా ఉన్నాయి. ఒక కిటికీ. బరువైన టేకు తలుపు. తలుపుకు లోపలి వైపు నా చేతి మందాన ఇనుప గడియ. నేను చూసి వెంటనే చూపు తిప్పుకున్నాను. దొరకనిదాని మీద ఆశ పెంచుకోవడమెందుకు?

అత్త మాత్రం ఆ అర్రలోకి పోయి తలుపేసుకుంది. లోపల గడియ పెట్టిన చప్పుడు, తీసిన చప్పుడు, మళ్లీ పెట్టిన చప్పుడు. బయటికొచ్చి గంజు తీసింది.

ఇంటామె మంచి మనిషి. "ఉన్నమాట చెప్త అక్కా. మా బోరింగు నీళ్లు జర ఉప్పగుంటయి, పప్పు ఉడకది," అంది.

నా సీటు అక్కడే పోయిందనుకున్నాను. మామ మొహంలో దీపం వెలిగింది.

"ఉడకకుంటె పోతం. సూసేదానికేం?" అంది అత్త. పొయ్యి ముందు కూర్చుని, వక్కల సంచి విప్పి, తీరుబడిగా సున్నం డబ్బీ తీసుకుంది. మేమంతా వాకిట్లో కూర్చున్నాం. నేను కాలి వేలితో మట్టి గీకుతూ, ఇంక ఊరికి పోయి బర్రె ముఖం చూస్తూ బతకాలని ఒక నిర్ణయానికొచ్చాను. అంతలో లోపలి నుంచి అత్త పిలిచింది.

పప్పు ఉడికింది. ఉడకడం కాదు, గుజ్జయింది. ఇంటామె గంజులోకి తొంగి చూసి నోరు తెరిచింది.

"నేను గీ ఇంటికి కోడలుగ వచ్చినసంది గింత మెత్తగ ఎన్నడు ఉడకలే!"

"వండేటోళ్లు వండితె ఉడుకుతది," అన్నాడు మామ. ఆయన ఓడిపోయాడు గానీ, రుచి మాత్రం ఆయనకు అద్భుతంగా తోచింది. గంజు అడుగు దాకా నాకి, దారిలో అత్తతో అన్నాడు: "గామెకు చెప్పు, రేపు పోయి ఫీజు కట్టుమను."

అలా నేను విద్యార్థినినయ్యాను. వెనక అర్రలో గడియ పెట్టుకుని డిమాండ్ అంటే ఏమిటో, సప్లయ్ అంటే ఏమిటో చదివాను. పిల్లలు తలుపు బాదేవాళ్లు. నేను "చదువుతున్నా" అని అరిచేదాన్ని. కొన్నాళ్లకు వాళ్లూ బొమ్మలకు అన్నం పెట్టేటప్పుడు "సదువుతున్న, లోపటికి రావద్దు" అని ఆట ఆడటం మొదలుపెట్టారు.

అంతా బాగానే ఉంది, పప్పు తప్ప. ఆ ఇంట్లో నా చేతిలో ఒక్కనాడూ పప్పు ఉడకలేదు. స్టవ్వు మంట తప్పేమోనని వత్తులు మార్చాను. గంజు మార్చాను. నానబెట్టాను. చివరికి పిల్లలు పచ్చిపులుసుకు అలవాటు పడ్డారు. ఇంటామె వారానికోసారి వచ్చి, "మీ అత్త గా దినం ఎట్ల ఉడకవెట్టిందమ్మా?" అని అడిగేది. నాకు తెలిస్తే గదా!

మామ వ్యవహారం ఇంకా విచిత్రం. ఆర్మూర్ వచ్చినప్పుడల్లా ప్లాస్టిక్ క్యాను తెచ్చి మా బోరింగు నీళ్లు నింపుకుని పోయేవాడు. బస్సులో కండక్టర్ కిరోసిన్ అనుకుని దింపబోతే, మూత తీసి తాగి చూపించాడట. ఆ నీళ్లతో ఇంట్లో వండిన పప్పు వెన్నేనని ఊరంతా చెప్పేవాడు. అవే నీళ్లలో పప్పు అక్కడ ఉడుకుతుంది, ఇక్కడ ఉడకదు. ఎం.ఏ. చదివే దాన్ని, నా వంట మీద నాకే నమ్మకం పోయింది.

ఆఖరి సంవత్సరం పరీక్షలప్పుడు పిల్లల్ని చూసుకోవడానికి అత్త వచ్చి ఉంది. ఒక పగలు నేను చదువు ఆపి నీళ్ల కోసం గడియ తీసి వచ్చేసరికి, ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. వక్కల సంచిలో సున్నం డబ్బీ పక్కన చిన్న పొట్లం. అందులోంచి చిటికెడు తెల్లపొడి తీసి పప్పులో వేసింది. గంజు బుస్సుమని పొంగింది.

"అత్తమ్మా, గదేంది?"

"సోడ," అంది, ఉప్పు అన్నంత మామూలుగా.

నాకు నెమ్మదిగా ఎక్కింది. "గా దినం గూడ గిదే ఏసినవా?"

"మరి? గీ నీళ్లల్ల పప్పు ఉడుకుతదా ఏంది? మొదటి ఇంటి సంది సంచిలనే ఉండె. ఏసేటందుకు మంచి ఇల్లు దొరకాలె గద!"

"ఇంటికాడ గూడ సోడనేనా?"

"ఏం జెయ్యాలె? మీ మామకు గీ నీళ్ల రుచి ఒంటవట్టింది. క్యాను తెచ్చినప్పుడల్ల ఏస్తనే ఉన్న."

నేను నవ్వు ఆపుకోలేక గోడకు జారగిలబడ్డాను. నవ్వుతూనే, రెండేళ్లుగా లోపల గుచ్చుకుంటున్నది అడిగేశాను.

"మరి మార్కెట్ కాడి ఇల్లు ఎందుకు వద్దన్నవ్? గాడ నీళ్లు మంచిగనే ఉండె, మామ గూడ సరేనన్నడు. సీటు పోతదని నేను ఎంత ఏడిచిన్నో తెలుసా?"

అత్త గంటెతో పప్పు తిప్పుతూ, నేను ఏమీ తెలియని పిల్లనైనట్టు చూసింది. "గాడ అర్రలకు తలుపులు లేకుండె గద బిడ్డా," అంది.

బావి దగ్గర విని "ఊ" అన్న మనిషి అంత గట్టిగా విందని నాకెప్పుడూ తోచలేదు. ఆమె మీద నేను పెంచుకున్న కోపమంతా గుర్తొచ్చి, ఆ మిర్చిబజ్జీలు మళ్లీ కడుపులో మండినట్టయింది.

"నువ్వు జర పప్పు సూడు," అని అత్త లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని వెనక అర్రలోకి పోయింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

పప్పు దించాను. పిల్లలు బడి నుంచి వచ్చి తలుపు కొట్టారు, తెరవలేదు. మామ ఖాళీ క్యాను పట్టుకుని వచ్చి, వాకిట్లో నిలబడి పిలిచాడు, ఆమె పలకలేదు. "తబియత్ మంచిగ లేదా ఏంది?" అని కంగారుగా అడిగాడు. అడిగింది నన్నే, నేరుగా. నేను అంతా బాగానే ఉందన్నాను. చాలాసేపటికి గడియ తీసుకుని ఆమె బయటికి వచ్చింది.

"లోపట ఏం జేసినవ్ అత్తమ్మా?" అన్నాను.

"ఏం జెయ్యలే. ఊకె కూసున్న," అని మామ చేతిలో క్యాను అందుకుని బోరింగు దగ్గరికి పోయింది.