గాలి తగిలే చోట గడియారం

నేస్తం, బాగున్నావా? నీ మెసేజికి ఇన్ని రోజులు జవాబివ్వలేదు, ఏమీ అనుకోకు. మావ పోయాడని ఆవేళ ఫోన్లో ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. తర్వాత చుట్టాలు, కర్మకాండ, అస్థికలు పట్టుకుని శ్రీముఖలింగం వెళ్లి వంశధారలో కలపడం. నిన్ననే కోటబొమ్మాళిలో కొట్టు తలుపు తీశాను. మంచాలూ బల్లలూ అన్నీ దుమ్ము పట్టి ఉన్నాయి, దులిపే ఓపిక లేదు. కుర్చీలో కూలబడి ఇది టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానన్నాడట. మళ్లీ లేవలేదు. బాధపడకుండా పోయాడని అందరూ అంటున్నారు. నిజమే గానీ, ఆ మాట వినీ వినీ అలిసిపోయాను.

మావ నాకు రక్తసంబంధం కాదు, పక్కింటి మనిషి. అయినా పాత సామాను వ్యాపారం నాకు నేర్పింది ఆయనే. ఎక్కడ పాత ఇల్లు పడగొడుతున్నా బండి వెనక ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. ద్వారబంధం మీద వేలితో కొట్టి, "ఇనరా, లోపల పుచ్చుంటే సెప్తాది" అనేవాడు. నేను వింటే ఏ చెక్కైనా ఒకేలా మోగేది. ఆయన నవ్వి మళ్లీ కొట్టేవాడు. ఈ రోజు నేను తినే అన్నం ఆ వేళ్లు పెట్టిందే.

విజయనగరంలో ఒక పాత బంగళా సామాను కొన్నప్పుడు వచ్చింది నువ్వు చూసిన ఆ నిలువెత్తు గడియారం. తల మీద రెండు చిలకలు, పక్కల పొడుగునా తీగలు చెక్కిన టేకు. కొట్టులో పెడితే జనం చేతులేస్తారని ఇంట్లోనే నిలబెట్టాడు. అమ్మకానికే, కానీ ధర అడిగిన వాళ్లకి ధర చెప్పేవాడు కాదు. "రేటు ఆకర్న మాటాడుకుందాం. ముందు నిలబెట్టే సోటు సూపించు" అనేవాడు. విశాఖ నుంచి ఒకాయన కారులో వచ్చి, లోపల మిషను తీసేసి సీసాలు పెట్టుకుంటానన్నాడు. "సీసాలకైతే బీరువా కొనుక్కో బాబూ, మా వోడి కొట్టులో ఉన్నాది" అని ఆయన్ని నా దగ్గరికి పంపాడు. బీరువా అమ్ముడైంది కూడా.

నువ్వు గడియారం కావాలంటే, చోటు చూడటానికి అరసవల్లిలో నీ లాడ్జికి వచ్చినప్పుడు ఏం చేశాడో గుర్తుందా? నేల చదునుగా ఉందో లేదో చూడాలని కంచంలో నీళ్లు పోసి మెట్ల పక్కన పెట్టాడు. గుడి నుంచి వచ్చిన ఒకావిడ అందులో పువ్వు వేసి దణ్ణం పెట్టుకుంది. ఆవిణ్ని చూసి ఇంకో ఇద్దరు. మావ ఇక కంచం తియ్యలేడు, పక్కనే పూజారిలా నిలబడ్డాడు. వాళ్లు వెళ్లాక నీతో, "నేల బాగున్నాది. భక్తులూ బాగున్నారు. నీకే ఇత్తాను" అన్నాడు. బేరం కుదిరింది. బండి మాట్లాడేలోపే ఇలా అయింది.

ఇప్పుడు నువ్వేమో, "అత్తకి ఆయన గుర్తుగా ఉండనీ, నేను అడగను" అని పెట్టావు. మంచి మాటే. నేనూ అలాగే అనుకుని అత్తకి చదివి వినిపించాను.

"గుర్తేటిరా గుర్తు?" అంది అత్త. "ఇంట్లో గాలొచ్చీది ఆ కిటికీ కాడే. నేల సదునుగా ఉన్నాదని మీ మావ దాన్ని అక్కడ నిలబెట్టీసినాడు. ఇన్నేళ్లూ గాలి దానికి, సెమట నాకు."

"మరి వారం వారం పీటెక్కి కీ ఎందుకిస్తన్నావు? అసలే మోకాళ్లు బాగోలేవు. ఆ కీ ఒగ్గీ, అదే ఆగిపోతాది" అన్నాను.

"ఆగిన సరుకు సూపెట్టి ఆయనెప్పుడైనా బేరం సేసినాడేటి? కొన్నోడు పట్టుకెల్లీదాకా నడవాల. నానుండగా ఆయనకి మాట రానిత్తానా?" మళ్లీ తనే మెల్లిగా అంది. "అది గంట కొడితే టీ పెట్టడానికి లేస్తన్నాను. లేసినాక, ఎవులికి పెట్టాలని మళ్లీ కూకుంటన్నాను. మీ నేస్తానికి నా మీద జాలుంటే బేగి పట్టుకెల్లమను. ఆ సోట్లో మంచం ఏసుకుంటాను."

అదీ సంగతి. నువ్వు మొహమాటపడుతున్న కొద్దీ ఆవిడకి నిద్ర కరువవుతోంది. పీట మీంచి పడుతుందేమోనని నాకు భయం. నేనిస్తాను కీ అంటే, "నువ్వు బిర్రుగా తిప్పీస్తావు" అని ఇవ్వనివ్వదు.

ఇందాక కూర తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. అత్త కిటికీ దగ్గర నేల మీద కూర్చుని, గడియారానికి వీపు ఆనించి నిద్రపోతోంది. తల ఆ చెక్కిన తీగల మీదికి వాలింది. పైన మూడు గంటలు కొట్టింది. అత్త లేవలేదు, సన్నగా గురక పెడుతోంది. గాలికి ఆవిడ జుట్టు నుదుటి మీద మెల్లిగా ఆడుతోంది. కూర గిన్నె చప్పుడు కాకుండా గడప దగ్గర పెట్టి వచ్చేశాను.

ఎప్పుడొస్తావు?