జింకులో సీసం

మా ల్యాబుకు జింకు రావడం తక్కువ. కర్నూలు చుట్టుపక్కల నుంచి సున్నపురాయి, సిమెంటు, కడప వైపు నుంచి ముగ్గురాయి, ఇవే మా బతుకు. రాళ్లు పొడికొట్టి, ఆమ్లంలో కరిగించి, ఏది ఎంతుందో రాసి పంపడం నా ఉద్యోగం. అందుకే ఆ మనిషి గుడ్డసంచిలోంచి తళతళలాడే లోహపు పిడులు తీసి నా బల్ల మీద పెట్టినప్పుడు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదని ముందే చెప్పేస్తున్నాను. కథ చివర్లో ఏదో మంచి జరుగుతుందని ఎదురుచూసేవాళ్లంటే నాకు జాలి.

ఆయనది ఆలూరు దగ్గర పల్లె. మబ్బుల వైపు చూసి చూసి విసిగిపోయి, ఉన్న చేను అమ్మేసి, కర్నూలు బయట పారిశ్రామికవాడలో చిన్న షెడ్డు వేసుకున్నాడు. కొద్దిగా అల్యూమినియం కలిపిన జింకు దిమ్మెలు కొని తెచ్చి, ఇనప బానలో కరిగించి, అచ్చుల్లో పోసి, రైతులు వీపున తగిలించుకునే మందు పంపులకు పిడులు తయారుచేస్తాడు. కొనేది హైదరాబాదులో ఒకే ఒక్క కంపెనీ. అచ్చులు కూడా ఆ కంపెనీవే. ఈ పనిలో అంతే, అచ్చులు ఎవరివైతే మాట వాళ్లది. అవి వెనక్కి తీసుకుపోయారంటే షెడ్డులో మిగిలేది పొయ్యి, రేకులు, మనుషులు.

ఆ పిడులు గోదాములో ఉండగానే ఉబ్బి పగులుతున్నాయట. కొన్ని చేలో రైతు చేతిలోనే విరిగాయట. ల్యాబులో పరీక్ష చేయించి సరుకు మంచిదని కాగితం తెస్తే సరే, లేకపోతే అచ్చులు తీసుకుపోతామని కంపెనీవాళ్లు చెప్పేశారు. ఆ కాగితం కోసమే ఆయన నా దగ్గరికి వచ్చాడు.

పిడిలోంచి ఒక ముక్క కోసి, ముఖం చదును చేసి, యంత్రంలో బిగించి మీట నొక్కాను. టక్కుమని రవ్వ పుడుతుంది. ఆ వెలుగును బట్టి ఏ లోహం ఎంతుందో తెర మీద పడుతుంది. అల్యూమినియం సరిగ్గానే ఉంది. సీసం దగ్గరికొచ్చేసరికి నా కళ్లను నేనే నమ్మలేదు. క్వింటాలు జింకులో చిటికెడు సీసం ఎక్కువైతే చాలు, పైకి నిగనిగలాడుతూనే ఉక్కకూ చెమ్మకూ లోపల్నుంచి పుచ్చిపోతుంది. ఈయన సరుకులో చిటికెడు కాదు, గుప్పెడు ఉంది.

దిమ్మెలు అమ్మినవాడు మోసం చేశాడని ఆయన మండిపడ్డాడు. వేరే చోట కొన్నాడు. మళ్లీ ముక్క తెచ్చాడు, మళ్లీ అంతే సీసం. ఇంకా ఖరీదైన దిమ్మెలు తెప్పించాడు. మళ్లీ అంతే. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త చిక్కి కనిపించేవాడు. నాది నోటి దురుసు. ఒకరోజు ఉండబట్టలేక, పాత ఇనుప కొట్టు సామాను గానీ కలుపుతున్నావా, నిజం చెప్పు అని అడిగేశాను.

ఆయనకు కోపం రాలేదు. "కలిపింటే నీకాడికి యాల వస్తానక్కా?" అన్నాడు.

ఈసారి కరిగించని దిమ్మె ముక్క ఒకటి తెమ్మన్నాను. తెచ్చాడు. దాంట్లో సీసం లేనట్టే. అంటే కొన్న సరుకు మంచిదే. దిమ్మె పిడిగా మారేలోపు, ఆయన షెడ్డులోనే, ఎక్కడో సీసం కలుస్తోంది. పైగా దిమ్మెలు ఎన్నిసార్లు మారినా అంకె మాత్రం మారడం లేదు. అది నన్ను నిద్రపోనివ్వలేదు. మా మేనేజరుకు చెబితే, మన పని అంకె చెప్పడం, ఎందుకొచ్చిందో వెతకడం కాదని సెలవిచ్చాడు. ఆయన చెప్పింది రూలు ప్రకారం రైటే. రూలు ప్రకారం రైటుగా ఉండేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆదివారం నేనే షెడ్డుకు వెళ్లాను.

రేకుల కింద పొయ్యి, పొయ్యి మీద నడుమెత్తు ఇనప బాన. ఎండకు రేకులు టపటపమంటున్నాయి. దీన్ని ఎప్పుడైనా పూర్తిగా ఖాళీ చేశావా అని అడిగితే ఆయన నన్ను అశుభం పలికినదాన్ని చూసినట్టు చూశాడు.

"అన్నం కుండనే అడుగంటా ఊడ్చం గదక్కా. మాకు అన్నం పెట్టేది ఈ బానే. ఎప్పుడూ ఇంత ఉంచే కొత్తది ఏస్తాం."

వాళ్లింట్లోనే కాదు, మా ఇంట్లోనూ అంతే. బియ్యం డబ్బాను మా అమ్మ ఏనాడూ పూర్తిగా వంచింది లేదు. అయినా ఈ ఒక్కసారికి తప్పదని బతిమాలాను, తర్వాత కసిరాను. చివరికి ఒప్పుకుని, పొయ్యి రాజేసి, కరిగిన జింకును గరిటెతో తోడి తోడి పక్కన పోశాడు. అడుగుకు వచ్చేసరికి గరిటె బరువెక్కింది. తోడిన దాన్ని చల్లారనిచ్చి గోరుతో గీశాను. గీత పడింది. జింకు మీద గోరుగీత పడదు. అది సీసం, బాన అడుగంతా పరుచుకుని ఉంది.

సీసం బరువైనది, అడుగునే ఉంటుంది. పైన ఎంత మంచి జింకు పోసినా, అది తాను పట్టగలిగినంత సీసాన్ని పట్టుకుంటుంది, అంతకు మించి పట్టుకోలేదు. అందుకే నా అంకె మారలేదు. ఇదంతా చెప్పాక, అసలు సీసం ఇందులోకి ఎట్లా వచ్చిందని అడిగాను. ఆయన గరిటె కింద పెట్టి పక్క షెడ్డు వైపు చూశాడు.

తర్వాత మెల్లగా చెప్పాడు. పక్క షెడ్డు సాయిబు పెద్దాయన సీసపు గుండ్లు పోస్తాడు. శ్రీశైలం డ్యాము వెనక నీళ్లలో చేపలు పట్టేవాళ్లు వలలకు కట్టుకునే గుండ్లు అవి. ఒకసారి ఆయన బాన పగిలితే, తనకు అప్పుడు పని లేదు గదా అని, కొత్తది వచ్చేదాకా ఈయనే తన బాన వాడుకొమ్మని ఇచ్చాడు. అది తిరిగి వచ్చినప్పుడు అడుగున ఏదో గడ్డకట్టి ఉంటే తన జింకే మిగిలిందనుకున్నాడు.

ఆ ముసలాయనను ఇప్పుడే కడిగేస్తానని నేను లేచాను. ఈయన అడ్డం నిలబడ్డాడు. "వద్దక్కా. ఆయప్పకు చెప్పాకు. శానా బాధపడతాడు," అన్నాడు. ఇంత నష్టంలోనూ మెత్తగా ఉన్నాడని నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

కొత్త బాన పెట్టి, కొత్త దిమ్మెలు కరిగించి, పిడి పోసి తెచ్చాడు. యంత్రం మీట నొక్కి దేవుణ్ణి తలుచుకున్నాను. నాకు అలవాటు లేని పని. సీసం హద్దులోనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆ పూటే కాగితం చేతికిచ్చాను. ఆయన నా ముందే కంపెనీకి ఫోన్ చేశాడు. అవతలివాళ్లు మర్యాదగానే మాట్లాడారు. పని వేరేవాళ్లకు ఇచ్చేశామని, అచ్చుల కోసం బండి పంపుతున్నామని చెప్పారు. ఈయన సరే సార్, సరే సార్ అంటూ పెట్టేసి, కాగితాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు. పాస్ అయిన కాగితం అంత పనికిమాలినది కావడం నేను చూడటం అదే మొదటిసారి.

బండి వచ్చిన రోజు నేనూ వెళ్లాను. నేనెళ్లి చేసేదేమీ లేదు, ఇంట్లో కూర్చోలేకపోయాను. అచ్చులు ఒక్కొక్కటే బండెక్కుతున్నాయి. వాటికి చెయ్యేసి నెడుతున్నవాళ్లలో పక్క షెడ్డు పెద్దాయన కూడా ఉన్నాడు. ఆ వయసులో ఆయాసపడుతూ, మిగతావాళ్లకు జాగ్రత్తలు చెబుతూ. నా ఒళ్లు మండిపోయింది. పక్కకు పిలిచి, బాన తిరిగిచ్చేటప్పుడు అడుగున సీసం వదిలేశావు, చూసుకోలేదా భాయ్ అని అడిగాను.

ఆయన ముఖం విప్పారింది.

"చూసుకోకుండా ఎట్లుంటా తల్లీ? నేనే ఉంచినా. అడిగి తెచ్చుకున్న గిన్నె ఉత్తదే ఎట్లిస్తాం? మీ ఇండ్లల్లో అయినా మా ఇండ్లల్లో అయినా ఇంత చక్కెరో బియ్యమో ఏసే గదా ఇస్తాం. నాకాడ ఉండేది సీసమే. మంచి సీసం, ఇంత ఏసే ఇచ్చినా." బండి వైపు చూసి గొంతు తగ్గించాడు. "అయినా ఆ పిల్లోనికి కలిసిరాలేదు సూడు."

బండి పక్కనుంచి ఆ పిల్లోడు నన్నే చూస్తున్నాడు. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

మంచి పనే చేశావు భాయ్ అన్నాను. పెద్దాయన సంతోషంగా తలూపి, మళ్లీ వెళ్లి ఆఖరి అచ్చుకు భుజం ఆనించాడు.