డ్రిల్ సార్, మూడు తాబేలు పిల్లలు

డ్రిల్ సార్ పోయారన్న కబురు నాకు మూడో రోజున తెలిసింది. అదీ ఎవరో పనిగట్టుకుని చెప్పింది కాదు. బడి అటెండరు హాజరు పుస్తకం నా ముందుకు తోస్తూ, "మన పాత డ్రిల్ సార్ గుజర్‌గయే గద టీచరమ్మా, ఇయ్యాల జియారత్" అన్నాడు, నాకు ముందే తెలుసన్నట్టు. జియారత్ అంటే మనిషి పోయిన మూడో రోజున చేసే ప్రార్థన. ఆయన ఇల్లున్న హుస్సేనీ ఆలం మా బడికి నడిచి వెళ్లేంత దూరం. మట్టి ఇచ్చేదాకా నేను ఒక్కరికీ గుర్తు రాలేదు. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. కొంత వాళ్ల మీద, కొంత ఆయన మీద, మిగిలిందంతా నా మీద. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి పదిహేనేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని తోటి టీచర్లు అడిగారు. రాస్తాను. కానీ ముందు ఒక మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆయన మనిషిని విసిగించేవారు.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లు. సైన్సు చెప్పేదాన్ని. మొఘల్‌పురాలో అమ్మ, అన్న, నేను ఉండేవాళ్లం. అన్న కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. కర్నూలు వైపు స్తంభాలకు గుంతలు తవ్వుతుంటే మట్టిలోంచి మూడు తాబేలు పిల్లలు బయటపడ్డాయట. నల్లటి డిప్పల మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి నిమ్మకాయ కంటే కొంచెం పెద్దది. అన్నం డబ్బాలో పెట్టుకొచ్చి, "మీ బడి పిల్లలకు చూపెట్టు, బోర్డు మీద బొమ్మ గీసుడు తప్పుతది" అన్నాడు.

నేను వాటిని సైన్సు గదిలో ఒక టీ పెట్టెలో, తడి ఇసుక మీద, బీరువా పక్క నీడలో ఉంచాను. తాబేలంటే నీళ్లు, చల్లదనం. నాకు తెలిసింది అంతే. నాలుగు రోజులకు మూడూ కళ్లు మూసుకున్నాయి. పాలకూర వేస్తే అది అలాగే వాడిపోయేది.

గ్రౌండులో గీతలు గీయడానికి సున్నం కోసం వచ్చిన డ్రిల్ సార్ ఆ పెట్టె చూశారు. ఖాకీ ప్యాంటు మడత చెడకుండా మోకాళ్ల మీద కూర్చుని, ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుని, బొటనవేలి గోరుతో డిప్పను మెల్లగా నొక్కారు. డిప్ప మెత్తగా లోపలికి దిగింది.

"ఇవి చెర్వుల తాబేళ్లనుకున్నవా టీచరమ్మా? రాళ్లల్ల, ఎండల తిరిగేటియి. గిట్ల తడిల పెడితె జలుబు జేసి సస్తయ్."

"నేను బీఎస్సీ చదివిన సార్," అన్నాను.

"మంచిగ చదివినవ్. ఇవి చదువలే గద."

గదిలో ఉన్న పిల్లలు నవ్వారు. ఆ నవ్వు నాకు చాలాకాలం మంటగానే ఉంది.

మర్నాటి నుంచి ఆయన పాఠం మొదలైంది. ఇంటి వాకిట్లో చిన్నప్పటి నుంచి తాబేళ్లను పెంచిన మనిషి, తెలిసిందంతా ఒక్కసారి చెప్పొచ్చు కదా? చెప్పరు. రోజుకు ఒకటే మాట. సోమవారం, ఇసుక పారబోసి పొడిమట్టి పోయించారు. మంగళవారం, పెట్టెను సైన్సు గది ముందు పొద్దుటి ఎండకు పెట్టించి, సగానికి పలక అడ్డం వేయించారు. ఎండ కావాలంటే ఎండలోకి, వద్దంటే నీడలోకి అవే పోవాలట. బుధవారం పాలకూర తీయించి, గ్రౌండు గోడ వెంట మొలిచే గలిజేరు, గరిక, మందారాకు తెచ్చి, జేబులోంచి చిన్న కత్తెర తీసి సన్నగా కత్తిరించారు. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లు. మూకుట్లో, గడ్డం మునగనంత లోతు, వారానికి రెండుసార్లు, తీశాక బట్టతో అద్ది ఎండలో పెట్టాలి. యునానీ మందుల కొట్లో సమందర్ ఝాగ్ అనే తెల్లటి, తేలికైన సముద్రపు పెంకు దొరుకుతుందని, దాన్ని ఆకు మీద గీకి వేస్తే డిప్ప గట్టిపడుతుందని పదిహేను రోజులకు గానీ చెప్పలేదు.

"అన్నీ ఒక కాయితం మీద రాసియ్యండి సార్, మీకూ తిప్పలుండదు," అన్నాను ఒకరోజు విసిగిపోయి.

"రాసిస్తె నువ్వు కాయితం చూస్తవ్. పిల్లను చూడవ్," అన్నారు.

ఆకును ఎప్పుడూ వాటి ముందర వేయనివ్వలేదు. పెట్టెకు ఆ మూల వేసి, మధ్యలో ఇటుక ముక్కలు, గులకరాళ్లు పరిచేవారు. "తిండి నోటికాడ పెడితె కాళ్లు మర్చిపోతయ్," అనేవారు. గ్రౌండు చివర నిలబడి అరిస్తే వీధి మలుపు దాకా వినిపించే గొంతు, ఆ పెట్టె దగ్గర మాత్రం "చల్ బేటా, చల్" అని గుసగుసలాడేది. ఒక పిల్ల ఇటుక ఎక్కబోయి వెల్లకిలా పడితే నేను చేయి చాచాను. ఆయన నా చేయి ఆపి వేళ్ల మీద లెక్కపెట్టారు. ఇరవై దాకా వచ్చేసరికి అది కాళ్లు కొట్టుకుని, మెడ నేలకు ఆనించి, తనంతట తనే బోర్లా తిరిగింది. "ఇరవై దాటితె నువ్వు లేపు. అంతకు ముందు లేపకు," అన్నారు.

రెండు నెలలకు మూడూ మారిపోయాయి. మొదటి గంట కొట్టేసరికి పెట్టె గోడను గోకుతూ ఉండేవి. అన్నింటికంటే చిన్నది మిగతా రెండింటికంటే ముందు ఆకు అందుకునేది. సెలవు రోజుల్లో ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ దాన్ని చిన్నోడనేది.

ఒక శనివారం సార్ చెప్పిన మాట నాకు స్పష్టంగా గుర్తుంది. "పాలు, రొట్టె, అన్నం, ఇవి వీటికి జహర్, విషం. ఇంట్ల అందరికి చెప్పు." చెప్తానన్నాను. చెప్పలేదు. నాకు తెలిస్తే చాలనుకున్నాను.

దసరా సెలవుల్లో ముసురు పట్టింది. చిన్నోడికి విరేచనాలయ్యాయి, కళ్లు మూతపడ్డాయి, ముక్కు దగ్గర నీటి బుడగలు వచ్చాయి. సార్ తడుస్తూ మొఘల్‌పురా దాకా రెండుసార్లు వచ్చారు.

"ఏం తినిపించినవ్?"

"మీరు చెప్పినయే."

"ఇంకేం?"

"ఇంకేం లేదు సార్."

మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. నన్ను నమ్మడం లేదని ఒళ్లు మండింది. నాలుగో పొద్దున చిన్నోడి తల ముట్టుకుంటే లోపలికి పోలేదు.

బడి తెరిచిన రోజు స్టాఫ్ రూములో, అందరి ముందు, నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. ముసురులో నీళ్లు పోయించి చంపారన్నాను. "మీరు డ్రిల్లు చెప్పుకోండి సార్. నా తాబేళ్ల జోలికి రాకండి," అన్నాను. ఆయన చేతిలో ఉన్న ఆకు పొట్లం బల్ల మీద పెట్టి బయటికి నడిచారు. మర్నాడు సైన్సు గది గుమ్మం దగ్గర ఇంకో పొట్లం ఉంది. ఆ తర్వాత ప్రతి రోజూ ఉంది. నెల రోజులు మా మధ్య మాటల్లేవు, ఆ పొట్లాలే.

ఒక ఆదివారం నేను బజారు నుంచి త్వరగా వచ్చేసరికి అమ్మ పెరట్లో చతికిలబడి, పాలలో నానిన బన్ను తాబేళ్ల నోటికి అందిస్తోంది.

"ఏం చేస్తున్నవే అమ్మా!"

"నోరు లేనియి బిడ్డా. గడ్డి తిని ఎట్ల బతుకుతయ్? చిన్నోడైతే మస్తు ఇష్టంగ తింటుండె."

నేను అరిచిన అరుపులకు పక్కింటివాళ్లు గోడ మీంచి చూశారు. సంగతి అర్థమయ్యాక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నేను పోయి సార్‌కు చెప్తనే. తప్పు నాది," అంది. వద్దన్నాను. నేనే చెప్తానన్నాను. ఆమెది తప్పు కాదని నాకు తెలుసు. చెప్పమన్న మాట చెప్పనిది నేను.

కానీ రేపు చెబుదామనుకున్నాను. తర్వాత పరీక్షలన్నాను. ఈలోగా సార్ ఏమీ జరగనట్టు మళ్లీ వచ్చి పెట్టె ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ మామూలుతనాన్ని చెడగొట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన రిటైరయ్యారు. కొన్నేళ్లకు నయాపూల్ బస్టాపులో కనబడితే ఇక తప్పదనుకుని, "సార్, ఆ చిన్నదాని సంగతి మీకొకటి చెప్పాలె," అని మొదలుపెట్టాను. వెంటనే ఆయన, "మిగిలినయి ఎట్లున్నయ్? డిప్ప నొక్కి చూస్తున్నవా? చలికాలం ఎండ తగులుతుందా?" అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నారు. బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయారు. మాట పూర్తి చేయనివ్వని మనిషిని ఏం చేస్తాం అనుకుంటూ ఇంటికి వచ్చాను. నిజం చెప్పాలంటే, ఆయన ఆపినందుకు లోపల సంతోషించాను కూడా.

అమ్మ ఇప్పుడు లేదు. తాబేళ్లు రెండూ ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని ఎత్తడానికి రెండు చేతులు కావాలి. వాటిని చూసి ఎవరైనా పెంపకం అడిగితే నేను కాగితం మీద వరసగా రాసిస్తాను. ఈ ఒక్క విషయంలో ఆయనదే తప్పని ఇప్పటికీ అంటాను. కాగితం చివర, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి అని రాస్తాను.

జియారత్ రోజు నేను వెళ్లేసరికి ఖాలా (పిన్ని) అని నేను పిలిచే సార్ భార్య లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పదిహేనేళ్ల మాట ఆమెతోనైనా చెప్పేద్దామని నోరు తెరిచాను. సగంలోనే ఆమె నా చేయి పట్టుకుంది.

"ఆయనకు తెలుసు బేటీ. మీ అమ్మ అప్పుడే వచ్చి చెప్పిపోయింది. గిదే చోట కూసొని మస్తు ఏడ్చింది."

ఆమె నా చేయి వదలకుండా చెప్పుకుపోయింది.

"'నాకు తెలిసినట్టు టీచరమ్మకు చెప్పకమ్మా' అని మీ అమ్మతోని ఒట్టు వేయించుకున్నడు. ఆమే వచ్చి చెప్పనీ అన్నడు."

"మరి నయాపూల్ కాడ నేను చెప్పబోతే సార్ విననేలేదు ఖాలా!"

"ఆ దినం ఇంటికొచ్చి చెప్పిండు. 'పాపం, ఆమె మొఖం చూసి నాతోని కాలే, నేనే మాట మార్చిన' అన్నడు."

ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక లేచి బయటికి వచ్చాను. ఒక్క నిమిషం ఆగి ఉంటే అయిపోయేది కదా సార్. ఆ ఒక్క నిమిషం నా మొహం చూడలేకపోయారా?

గల్లీలో ఎండ కాస్తోంది. ఆయన దగ్గర చదివిన పిల్లలు వచ్చి ఉన్నారు. ఇప్పుడు పిల్లలేం కాదు. ఒకరు కానిస్టేబులు డ్రెస్సులో, ఒకరు మెకానిక్ పని నూనె మరకలతో, ఒకరికి అప్పుడే గడ్డం నెరుస్తోంది. లోపల చోటు చాలక బయట ఆగిపోయారు. ఎవరూ చెప్పకుండానే గోడ వెంట పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, మనిషికీ మనిషికీ చేయి చాచినంత దూరంలో వరసగా నిలబడి ఉన్నారు. కానిస్టేబులు నన్ను చూసి ఒక అడుగు వెనక్కి జరిగి, "రాండి మేడం," అన్నాడు. అతని వెనకవాళ్లు కూడా ఒక్కొక్కరే ఒక అడుగు జరిగారు. నేను ఆ ఖాళీలో నిలబడ్డాను.