కాయిన్ పడిన చప్పుడు

మా కిటికీ కింద ఒకే ఒక్క కరివేపాకు మొక్క ఉండేది. మేడమీద ఉండే ఇంటి ఓనరు రోజూ సాయంత్రం దానికి నీళ్ళు పోసేవాడు, సరిగ్గా నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాకే. ఒక్క మొక్కకు అంతసేపు నీళ్ళేమిటి? ఈ మనిషి మా మాటలు వింటున్నాడని అప్పుడే అనుమానం వచ్చింది.

వినడానికి ఇంట్లో రహస్యమేమీ లేదు. నేను బర్గూరులో చదువుకునే రోజుల్లో, కృష్ణగిరిలో ఒక వీడియో గేమ్ షాపుండేది. అక్కడ గుండ్రటి పిడి తిప్పుతూ, తెరమీది పలకను అటూ ఇటూ జరిపి, బంతితో ఇటుకలు పగలగొట్టే ఆట అంటే నాకు పిచ్చి. హోసూరు ఫ్యాక్టరీలో చేరి కంప్యూటర్ కొన్నాక, పాత షాపు ఆటల్ని కంప్యూటర్లో ఆడించే ఎమ్యులేటర్లో ఆ ఆట దొరికింది. పిడి దొరకలేదు. మౌస్‌తో ఆడితే ఉప్పులేని పప్పే. అందుకే పాత బాల్ మౌస్ విప్పి, లోపల కదలికను లెక్కపెట్టే చిల్లుల చక్రాన్ని ఒక కడ్డీకి బిగించి, బేరింగులో కూర్చోబెట్టి, పైన బర్గూరు క్వారీలో పారేసిన గుండ్రటి గ్రానైట్ ముక్క అతికించాను. తిప్పి వదిలితే ఎంతసేపు తిరిగేదో! ప్రాణం లేచొచ్చేది.

కానీ గట్టిగా తిప్పితే పలక వెనక్కి పరుగెత్తేది. బేరింగు అమ్మినవాడు డూప్లికేట్‌ది అంటగట్టాడనుకున్నాను. నేను లేనప్పుడు ముట్టుకున్నావా అని మా ఆవిణ్ణి అడిగాను. ఆమె చూసిన చూపుకు మళ్ళీ అడగలేదు. చివరికి తేలిందేమంటే, చిల్లులు మరీ వేగంగా దాటిపోతుంటే మౌస్‌కు లెక్క తప్పుతోంది. తక్కువ చిల్లులతో నేనే ఇంకో చక్రం కోశాను. మార్చిన ప్రతిసారీ ఆడి చూడాలి. ఆట మొదలెట్టాలంటే, షాపులో కాయిన్ వేసినట్టు ఇక్కడ ఒక కీ నొక్కాలి, నొక్కగానే స్పీకర్లలో కాయిన్ పడిన చప్పుడు.

లాటరీ షాపులు మూయించాక, ఇళ్ళల్లో చాటుగా జూదం ఆడిస్తున్నారని అందరూ అనుమానించే రోజులవి. ఒక ఆదివారం పొద్దున ఓనరు నేరుగా లోపలికి వచ్చేశాడు. బేరిగైలో పొలాలున్న పెద్దమనిషి. ఇల్లు ఖాళీ చెయ్యమంటాడేమో అనుకున్నాను. ఎండాకాలంలోనూ బోరు ఎండని ఆ ఇంటికోసం మా ఆవిడ ఎన్ని గడపలు ఎక్కి దిగిందో నాకు తెలుసు.

"దుడ్లు పడే సప్పుడు యాన్నించప్పా వస్తాది?"

కీ నొక్కి వినిపించాను. ఆయన వంగి బల్లకింద చూశాడు. కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టి తడిమాడు.

"యాడ పడినాయి?"

"పడవన్నా. ఉత్త సప్పుడే."

"గెలిస్తే?"

"నంబరు పెరుగుతాది."

"ఆ నంబరుకి ఎవురిస్తారు దుడ్లు?"

"ఎవురూ ఇయ్యరన్నా."

ఆయన్నే కూర్చోబెట్టి ఆడించాను. రాయి గిర్రున తిప్పాడు. పలక ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆయన మొహంలోనూ నవ్వొచ్చింది. బతికిపోయాం అనుకున్నాను.

"ఇది చేసేకి ఎన్ని దినాలు పట్టింది?"

"ఎండాకాలంలో మొదలుపెట్టినానన్నా."

బయట వాన కురుస్తోంది. ఆయన నవ్వు మాయమైంది.

"దుడ్లు రావు. అమ్మేది లేదు. ఇన్ని దినాలు ఊరికే చేసినావా?"

"అవునన్నా, ఊరికే."

నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "దుడ్లకని చెప్పింటే నమ్మేవాణ్ణప్పా. వచ్చే నెలకి ఇంగో ఇల్లు చూసుకో" అని వెళ్ళిపోయాడు.

ఒళ్ళు మండిపోయింది. "ఏం మనిషి ఈయన! నిజం చెప్తే నమ్మడే!" అన్నాను మా ఆవిడతో.

ఆమె తలుపు గడియ పెట్టి నా పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది.

"ఆయన పోయినాడు కదా. నాకన్నా నిజం చెప్పు. దుడ్లు యాడ దాచినావు?"