రేసు సూటుకు ఎర్రదారం

మా పక్కింటి దర్జీ చొక్కాలు కుట్టడు, లంగాలు కుట్టడు. నా జాకెట్టుకు గుండీ ఊడినా సరే, "వేరేచోట చూసుకో అక్కయ్యా" అనేస్తాడు. అతని చేతికి వచ్చేవి కారు రేసుల సూట్లు మాత్రమే. నాలుగు చక్రాలూ బయటికి పొడుచుకొచ్చి, నడుమ ఒక్క మనిషి ఇరుక్కుని కూర్చునే కార్లు ఉంటాయి చూడండి, ఆ రేసులు. మా వీధి చివర రేకుల షెడ్డులో అలాంటి టీము ఒకటి ఉంది. రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు, ఓ డజను మంది మెకానిక్కులు, ఫోను చెవికి అతికించుకుని తిరిగే మేనేజరు. స్పాన్సరు మారినప్పుడల్లా సూటు మీద పాత కంపెనీ బ్యాడ్జీ విప్పి, కొత్తది కుట్టాలి. ఇరవై రెండేళ్లుగా తమ్ముడిది అదే పని. తమ్ముడంటే నా తోడబుట్టినవాడు కాదు. పక్కపక్క ఇళ్లలో ఇన్నేళ్లుంటే వరసలు వాటంతటవే కలుస్తాయి. అతని భార్య నాకు మరదలు.

అతను కుట్టుపని చేసే ముందుగదిలో నేను తెరిచి చూడని సొరుగు లేదు. ఒక్క రేకుడబ్బాకు మాత్రం తాళం ఉండేది. ఏముందో చెప్పమని ప్రాణం తీస్తే ఓరోజు తీసి చూపించాడు. ఏముంది, దారపు ఉండలు! వెలిసిపోయిన పసుపు, బూడిదరంగు, నలుపు. "దీనికి తాళమెందుకయ్యా, బంగారమా?" అన్నాను. అతను ఓ మూర కత్తిరించి అగ్గిపుల్ల అంటించాడు. దారం నల్లబడింది తప్ప మండలేదు, కరగలేదు. పట్టి లాగినా తెగలేదు. "కారు తగలబడితే లోపలున్నవాళ్లు బయటపడటానికి కాసిని క్షణాలు దొరకాలి. ఆ క్షణాలు ఇందులో ఉన్నాయక్కా" అన్నాడు. బ్యాడ్జీ కూడా పై పొరకే కుట్టాలట. సూటుకు మూడు పొరలు. సూది మూడింట్లోంచీ దిగితే దారం ఒంటిదాకా వెళ్తుంది. అందుకని లోపలి పొరలు విప్పి, పైదానికి కుట్టి, మళ్లీ మూస్తాడు. ఒక్కో సూటుకు రెండు రోజులు.

నన్నడిగితే పోయినేడు ఆ టీముకు కాలం కలిసిరాలేదు. సీజను సగంలో టైర్ల కంపెనీ చేతులు దులిపేసుకుంది. మొదటి కారు తోలే దొరబాబుకు చీకూచింతా లేదు. చివర వచ్చినా వాళ్ల నాన్న కంపెనీ బొమ్మ కారు మీదే ఉంటుంది. దిగులంతా రెండో కారు పిల్లకే. పిడికెడు మనిషి, ఎంత ఇరుకులోంచైనా దూరిపోతుందని చిట్టెలుక అని పేరు పెట్టారు. వానలో పెద్ద పెద్ద టీములవాళ్లు జారి గోడలకు గుద్దుకుంటుంటే ఈ పిల్ల నాలుగో స్థానంలో వచ్చింది. అయినా కొత్త స్పాన్సరు దొరక్కపోతే రెండో కారు ఎత్తేస్తారని పేపర్లో వేశారు. డ్రైవరు చేతిలో పనితనం చూడాలి గానీ ఛాతీ మీద ఎవరి పేరుందో చూడటం ఏం న్యాయమో నాకర్థం కాదు.

ఆ శుక్రవారం పొద్దున నేను వాళ్ల గుమ్మంలోనే ఉన్నాను. మేనేజరు చిట్టెలుక సూటు బల్ల మీద పడేశాడు.

"దర్జీగారూ, రంగుల కంపెనీ ఒప్పుకుంది! ఎల్లుండే ఈ సీజను ఆఖరి రేసు. మధ్యాహ్నం ఫొటోలు తీస్తారట, అప్పటికల్లా ఈ బ్యాడ్జీ కుట్టేయాలి."

తమ్ముడు బ్యాడ్జీ మడత విప్పి చూశాడు. పీట చెక్కంత ఉంది. "మధ్యాహ్నానికా? పొరలు విప్పాలి సార్."

"విప్పకండి. మిషను మీద పెట్టి లాగించేయండి." మేనేజరు సంచిలోంచి ఎర్రదారం ఉండ తీశాడు. "అంచు ఈ ఎరుపులోనే ఉండాలట. వాళ్లే పంపారు."

"ఇది మామూలు దారం. నా దారంలో ఈ ఎరుపు రాదు."

"మీ దారం ఫొటోలో ముసలాడి పళ్లలా పడుతోందండీ!"

"నిప్పు తగిలితే?"

"మన కారు తగలబడి ఎన్నేళ్లయింది? ఒక్క రేసే కదా. వాళ్లకు నచ్చకపోతే రెండో కారు లేదు, ఆ పిల్ల ఇంటికే. మీ చేత్తో మీరే పంపినట్టు."

ఆ చివరి మాట తమ్ముడికి గట్టిగా తగిలింది. మేనేజరు వెళ్లాక రేకుడబ్బా తాళం తీశాడు, మళ్లీ వేశాడు. తర్వాత సూదిలో ఎర్రదారం ఎక్కించాడు. మిషను కూడా మొరాయించింది. మూడు పొరల మందం మీద సూది రెండుసార్లు విరిగింది. మూడో సూదితో పని అయిపోయింది.

సూటు తిరగేశాడు. లోపలి తెల్లటి గుడ్డ మీద ఎర్రటి చుక్కలు వరసగా, చీమలు బారు కట్టినట్టున్నాయి. మిగిలిన దారానికి అగ్గిపుల్ల పెట్టాడు. అది బుస్సుమని కరిగి, చుక్కై బల్ల మీద పడింది. బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డకు బెజ్జం పడింది.

"విప్పెయ్యి తమ్ముడూ" అన్నాను.

"విప్పితే పిల్లకు కారుండదక్కా."

లోపల్నుంచి మరదలు అంది, "విప్పకపోతే పిల్లే ఉండదేమో."

మధ్యాహ్నం షెడ్డువాళ్లు వచ్చి సూటు పట్టుకుపోయారు.

శనివారమంతా కంచం ముందు కూర్చోవడం, లేచిపోవడం. ఆదివారం తెల్లారగానే చెప్పులేసుకున్నాడు. "వెళ్లి చెప్పేస్తాను" అన్నాడు. నేనూ, మరదలూ వెంట బయల్దేరాం. నేను వెళ్లకపోతే నాకు నిద్రపట్టేదా?

రేసు మైదానంలో టీము గది పెట్రోలు కంపు కొడుతోంది. తనిఖీ చేసే ఆయన చిట్టెలుక మెడ వెనక, సూటు నిప్పుకు ఆగుతుందని ఉన్న చీటీ చూసి, కాగితం మీద టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాడు. కుట్లు చూడాలన్న ఆలోచన ఆయనకు ఎందుకొస్తుంది? ఇరవై రెండేళ్లలో తమ్ముడి కుట్టును ఎవరూ అనుమానించలేదు.

తమ్ముడు ఆ పిల్లను పక్కకు పిలిచాడు. "చిట్టీ, ఆ సూటు విప్పమ్మా. పాతది వేసుకో."

"పాతదాని మీద ఆ టైర్లవాళ్ల పేరుంది బాబాయ్."

అతను అంతా చెప్పాడు. దారం సంగతి, మూడు పొరల సంగతి, బల్ల మీద పడ్డ చుక్క సంగతి. ఆ పిల్ల జిప్పు కాస్త దించి, లోపల వేలితో తడుముకుంది.

"పొద్దున వేసుకున్నప్పుడే తగిలింది బాబాయ్. గరుకుగా ఉంటే కుట్టు లోపలిదాకా దిగిందనుకున్నాను."

"మరి తెలిసీ..."

"లోపల బనీను ఉందిగా."

"అదెంతసేపు ఆపుతుందే!"

"ఈ సూటు విప్పితే కారెక్కనివ్వరు." జిప్పు గడ్డం దాకా లాక్కుంది. "మీరేం చెప్పలేదు, నేనేం వినలేదు. సరేనా?"

పదకొండో చుట్టులో అవతలి మలుపు నుంచి నల్లటి పొగ లేచింది. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. గాజు చిట్లి మణికట్టుకు గుచ్చుకున్నా వదిలించుకోలేదు. ఆ పొగ వేరే టీము కారుది. తోలేవాడు దూకి బయటపడ్డాడు. చిట్టెలుక ఆ పొగలోంచే దూసుకొచ్చి మూడో స్థానంలో నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. తమ్ముడు మాత్రం తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పేపర్లో ఫొటో పెద్దగా వేశారు. ఎర్ర అంచు నిగనిగలాడుతోంది. కొత్త స్పాన్సరు కాలు పెట్టిన వేళ మంచిదని రాశారు. చదివి వినిపించబోతే, "చాలక్కా" అన్నాడు.

గురువారం మేనేజరు నవ్వుతూ మూట దించాడు. "చూశారా, ఏమైంది? ఏమీ కాలేదు! వచ్చే సీజనుకు పన్నెండు సూట్లు. ఇదే దారం, ఇదే పద్ధతి."

"ఏమీ కాలేదు కాబట్టే భయంగా ఉంది సార్. నేను కుట్టను."

"ఊళ్లో మీదొక్కటేనా మిషను?"

"పోనీ చిట్టీది ఒక్కటి వదిలి వెళ్లండి. నా పద్ధతిలో కుడతాను."

"ఒక్కటి వేరుగా ఉంటే కంపెనీవాళ్లు ఊరుకుంటారా? భలేవారే."

మూట ఎత్తుకుపోయాడు. తమ్ముడు తనిఖీ ఆఫీసుకు ఉత్తరం రాశాడు. అక్షరదోషాలు నేనే దిద్దాను, నాకొచ్చినంతలో. చీటీలు సరిగ్గానే ఉన్నాయని రెండు ముక్కల్లో జవాబొచ్చింది. కొత్త పని మాకు రెండు వీధుల అవతల స్కూలు సంచులు కుట్టే కొట్టుకు పోయిందని తెలిసింది.

కొత్త సీజను మొదటి రేసుకు వెళ్తూ చిట్టెలుక మా గుమ్మాల ముందు ఆగింది. చేతి మీద సూటు వేసుకుంది.

"ఎలా కుట్టారో చూపించు" అన్నాడు తమ్ముడు.

ఆ పిల్ల తిరగేసి చూపించింది. ఈసారి ఎర్రటి చుక్కలు ఒక వరస కాదు, రెండు వరసలు.

"గట్టిగా ఉండాలని రెండుసార్లు కుట్టారట బాబాయ్" అని నవ్వింది. ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

తమ్ముడు కుట్లు విప్పే మడతబ్లేడు తీసుకుని మెట్టు దిగాడు. "ఒక్క గంట ఇవ్వు తల్లీ. ఒక్కటంటే ఒక్కటే గంట."

వీధి చివర టీము వ్యాను హారను మోగింది.

"పిలుస్తున్నారు బాబాయ్" అని సూటు గుండెలకు హత్తుకుని పరిగెత్తింది. వ్యాను తలుపు మూసుకున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది.

"ఆ బ్లేడు మడిచి లోపలికి రండి" అంది మరదలు.

అతను మడవలేదు. లోపలికీ వెళ్లలేదు.