నిజాంసాగర్ నీళ్ల మధ్య ఆగిన ఇంజను, అవతలి ఒడ్డున ఆగిన పెళ్లికూతురు

నేను ఈత నేర్చుకున్నది నలభై రెండో ఏట. నీళ్లంటే ఉన్న భయం పోయాక, చిన్నప్పుడు దాటేసిన సరదాలన్నీ ఒక్కటొక్కటిగా తీర్చుకోవాలనిపించింది. సెలవు దొరికితే చాలు, దగ్గర్లో పెద్ద నీళ్లెక్కడున్నాయో వెతుక్కుని వెళ్లిపోతున్నాను. అలా శ్రావణంలో ఒక శుక్రవారం బాన్సువాడ బయల్దేరాను. పడవెక్కి నిజాంసాగర్ మీద ఓ గంట తిరిగి రావడం, అంతే నా ప్లాను.

జూబ్లీ బస్ స్టేషన్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. మెదక్ దాటాక తెల్లారింది, ఆపైన దారి పొడుగునా నాట్లు పడిన మళ్లే. ఎనిమిదిన్నరకు బాన్సువాడలో దిగి, బస్టాండు ఎదురుగా ఇరవై ఐదు రూపాయలకు వేడి ఇడ్లీ తిని, షేర్ ఆటోలో యాభై ఇచ్చి ప్రాజెక్టు వైపు వెళ్లాను. ఆటో డ్రైవరే ఫోన్ చేసి చేపలు పట్టే నర్సింలన్నను మాట్లాడిపెట్టాడు. గంట తిప్పడానికి మూడు వందలు. పైనుంచి వరద లేదు, గాలి కూడా పెద్దగా లేదు.

నర్సింలన్నకు యాభై ఏళ్లుంటాయి. పడవ వెనక తగిలించిన చిన్న పెట్రోలు ఇంజనును పసిపిల్లను తడిమినట్టు తడుముతున్నాడు. లైఫ్ జాకెట్టు తొడుక్కుని నేను ఎక్కబోతుంటే, వెనక నుంచి ఒకావిడ అట్టపెట్టె గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ, కాస్త ఆగండి! మీరెలాగూ నీళ్ల మీదికేగా వెళ్లేది? నన్ను అవతలి ఒడ్డున దించేస్తే పుణ్యముంటుంది."

ఆవిడ పేరు వరలక్ష్మి. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. పొద్దున పొలం, మధ్యాహ్నం బాన్సువాడలో కుట్టుపని. పెట్టెలో ఉన్నది అవతలి ఊళ్లో ఆ రోజు పెళ్లి జరగబోయే సవిత జాకెట్టు. రెండ్రోజులుగా కరెంటు సరిగా లేక కుట్టు ఆలస్యమైంది. లగ్నం పదకొండు నలభైకి. రోడ్డు చుట్టు తిరిగి వెళ్తే గంటన్నర, పడవలో ఇరవై నిమిషాలు. అప్పటికి పది దాటింది.

"నాకు తిరగడమే కావాలి, ఎటు తిరిగితే ఏం?" అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

పది నిమిషాలు హాయిగా సాగింది. నీటికాకులు పడవ ముందే మునిగి, ఎక్కడో దూరంగా తేలుతున్నాయి. సరిగ్గా నడిమధ్యకు వచ్చాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"గిట్ల ఎన్నడు చెయ్యలే," అంటూ నర్సింలన్న తాడు లాగాడు. పది సార్లు, పదిహేను సార్లు. పెట్రోలు వాసన గుప్పుమంది గానీ ఇంజను పలకలేదు. గాలి పడవను మెల్లగా పక్కకు నెడుతోంది. వెదురు గడ వేసి చూస్తే అడుగు అందలేదు.

అప్పుడే వరలక్ష్మిగారి ఫోను మోగింది. స్పీకర్లో పెళ్లికూతురి గొంతు. "అక్కా, ఏడున్నవ్? అందరు రెడీ అయిండ్రు. నేను పాత జాకెట్ మీదనే కూసున్న. మా అత్తగారోళ్లు చూస్తుండ్రు అక్కా!"

"వచ్చేస్తున్నా తల్లీ, నీళ్ల మీదే ఉన్నా," అందావిడ. అబద్ధం కాదు కదా! ఫోను పెట్టేసి పెట్టెను మళ్లీ గుండెకు హత్తుకుంది. "ఆ పిల్ల రంగు తనే ఎంచుకుంది. మూడు నెలల నుంచీ దాని గురించే మాట్లాడుతోంది," అంది.

నాకు తెడ్డు ఇచ్చి, పడవ కొట్టుకుపోకుండా చూడమన్నాడు నర్సింలన్న. నేను వేస్తే పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. "మేడం, మీరు మాకు ప్రాజెక్టంత సూపిస్తున్నరు," అన్నాడు. అంత కంగారులోనూ ముగ్గురం నవ్వాం.

వరలక్ష్మిగారు పెట్టెను నా ఒళ్లో పెట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఇంజను దగ్గరికి జరిగింది. "నర్సింలన్నా, మా పవర్ స్ప్రేయర్ కూడా వారానికోసారి ఇలాగే మొరాయిస్తుంది. ఒక్కొక్కటీ చూద్దాం."

"గది మందు కొట్టే మిషను అక్కా. గిది పడవ ఇంజను."

"రెండూ తాగేది పెట్రోలేగా!"

ఆయన ఒక క్షణం ఆమెను చూసి, పానాల సంచి ముందుకు తోశాడు. అక్కడి నుంచి ఇద్దరూ ఒకే పనిలో పడ్డారు. డబ్బాలో పెట్రోలు సగం ఉంది. మూత మీది గాలి మర తెరిచే ఉంది. పైపు మధ్యలోని రబ్బరు బుడగ నొక్కితే గట్టిపడుతోంది, అంటే పెట్రోలు ఇంజను దాకా వస్తోంది. ప్లగ్గు విప్పితే తడిగా ఉంది. తుడిచి ఆరబెట్టి, పెట్రోలు డబ్బా మూత బిగించి పడవ ఆ చివరికి జరిపాక, ప్లగ్గును ఇనుముకు ఆనించి తాడు లాగాడు. ఎండలో ఏమీ కనబడలేదు. పెట్టె మూత అడ్డం పట్టమన్నారు. ఆ నీడలో సన్నటి నీలం రవ్వ మెరిసింది!

"రవ్వ ఉన్నది, పెట్రోలున్నది. మరేంది దీని రోగం?" నర్సింలన్న తల గోక్కున్నాడు.

"మొన్న వాన పడ్డప్పుడు డబ్బా ఎక్కడుంది?"

"గాడనే, ఒడ్డు మీద..." అని ఆగిపోయాడు. "మూత సరిగ పెట్టలే గావచ్చు."

నా దగ్గరున్న పారదర్శకపు సీసాలో నీళ్లు నేను తాగేసి, తుడిచి ఇచ్చాను. కార్బురేటర్ అడుగున ఉన్న చిన్న మర వదులు చేసి, దానిలోని పెట్రోలు సీసాలోకి దించారు. ఆయిలు కలిసిన పెట్రోలు పైకి తేలింది. అడుగున ఒక వేలి మందం తెల్లగా నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు.

"దొరికిందిరా దొంగ!" అంది వరలక్ష్మిగారు.

డబ్బాను ఒక పక్కకు వంచి కాసేపు కదలకుండా ఉంచి, పైనున్న పెట్రోలు మాత్రం పడవలో ఉన్న ఖాళీ క్యానులోకి వంచుకున్నారు. పైపు దానికి తగిలించి, సీసాలో మంచి పెట్రోలు పడేదాకా బుడగ నొక్కారు. తీసిన చెడ్డ పెట్రోలు చుక్క కూడా నీళ్లలో పోయనివ్వలేదు నర్సింలన్న. "గీ నీళ్లల్లనే మా చేపలు," అన్నాడు. మర బిగించి, ఆరిన ప్లగ్గు పెట్టి తాడు లాగాడు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి ఒక దగ్గు. మూడోసారి ఇంజను గర్జించింది. నేను కేక పెట్టాను. వరలక్ష్మిగారు పెట్రోలు చేతులతోనే నన్ను కౌగిలించుకోబోయి, ఒళ్లోని పెట్టె చూసి, నా భుజం మాత్రం తట్టి ఊరుకుంది.

పదకొండుకు ఒడ్డు చేరేసరికి పది మంది ఆడవాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి పడవను లాగేశారు. సవిత మా చేతులు పట్టుకుని నన్నూ ఇంట్లోకి లాక్కెళ్లింది. జాకెట్టు ఎడమ చెయ్యి కాస్త బిగుతుగా ఉంటే వరలక్ష్మిగారు చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, నిలబడే నాలుగు కుట్లు వదులు చేసింది. అద్దంలో చూసుకున్న ఆ పిల్ల ముఖం చూడాల్సిందే. బాజాల మధ్య, అనుకున్న వేళకే పెళ్లయింది. బగారన్నం, వంకాయ కూర, పచ్చిపులుసుతో నాకు మూడుసార్లు వడ్డించారు. నర్సింలన్న ప్రతి బంతిలోనూ ఈ కథే చెప్పాడు. "నేను తాడు గుంజుడే. రోగం పట్టింది అక్కనే," అని ప్రతిసారీ ముగించాడు. సాయంత్రం నాలుగింటికి మమ్మల్ని ఇవతలి ఒడ్డుకు చేర్చాడు. ఆరున్నర బస్సు దొరికింది.

మా ఆఫీసులో కంప్యూటర్లు ఆగితే ముందు ఎవరి తప్పో తేలుస్తాం, తర్వాతే బాగుచేయడం. ఆ పడవలో మూత సరిగ్గా పెట్టలేదని ఆయనే అన్నాడు, ఎవరూ దాన్ని పట్టుకుని సాగదీయలేదు. అది కాదు, ఇది కాదు అని ఒక్కొక్కటీ పక్కకు పెట్టుకుంటూ వెళ్లారు. పదకొండు నలభై దగ్గరపడుతున్నా తొందరపడి ఏ మెట్టూ దాటేయలేదు. బస్సులో కూర్చున్నాక చాలాసేపు నాలో నేనే నవ్వుకుంటూ ఉన్నాను.

మీరూ వెళ్తుంటే ఒక సలహా: శ్రావణంలో అటు వెళ్లేటప్పుడు బ్యాగులో ఒక మంచి చీర పెట్టుకోండి. ఆ పెళ్లి ఫోటోల్లో పెళ్లికూతురి పక్కన పెట్రోలు మరకల కుర్తాతో, చెవుల దాకా నవ్వుతూ ఉన్నది నేనే.